వినేవాళ్ళ చేతులు ఏం చేస్తున్నాయి?

(కొత్తగా రేడియోలో చేరినవాళ్ళ శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముప్ఫై ఏళ్ళు మైకు ముందు కూర్చున్నానని నన్ను పిలిచారు. కానీ ఇలా ఎదురుగా ఇంతమందిని చూస్తూ మాట్లాడాలంటే నాకు ఇప్పటికీ టెన్షనే. మా గదిలో మనుషులుండరు. గాజు కిటికీ, గోడ గడియారం, అంతే.

శ్రోతలకు దగ్గరవడం ఎలాగో చెప్పమన్నారు. ముందు నేను ఎలా దూరమయ్యానో చెబుతాను.

ఓ మార్చి నెల, సాయంత్రం డ్యూటీ. స్టూడియోలోకి వెళ్ళబోతూ వరండాలో నిలబడ్డాను. ఉరుములు, జల్లు, మట్టి వాసన. హుషారొచ్చేసింది. మైకు తెరవగానే, "శ్రోతలారా, బయట చక్కటి వాన! వేడివేడి మిరపకాయ బజ్జీలు, గ్లాసుడు టీ ఉంటే ఇంకేం కావాలి!" అని ఓ వానపాట వేశాను. భలే కుదిరిందని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

నాలుగు రోజులకి పల్నాడు వైపు నుంచి ఓ పోస్టుకార్డు వచ్చింది. "అయ్యా, మీ బజ్జీలు బాగున్నాయి. ఆ వేళ మేం కల్లంలో మిరపకాయల మీద టార్పాలిన్లు కప్పుతున్నాం. రేడియో గట్టు మీద ఉంది. కట్టేద్దామంటే చెయ్యి ఖాళీ లేక మీ మాటలన్నీ విన్నాం."

తిట్టినా బాగుండేది. మార్చిలో గుంటూరు జిల్లా అంతా కాయ ఆరబోసుకుని ఉంటుందని నాకు తెలియక కాదు, నేను ఆ వైపువాణ్ణే. కానీ ఆ పూట వరండాలోంచి కనబడిన వాన తప్ప ఇంకేదీ గుర్తులేదు. ఆ కార్డు చాలా ఏళ్ళు నా డెస్కు అద్దం కింద ఉంది.

అప్పటినుంచి మైకు తెరిచే ముందు ఒకటే ప్రశ్న వేసుకుంటాను. ఈ వేళ వినేవాళ్ళ చేతులు ఏం చేస్తున్నాయి? టీవీ చూసేవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. రేడియో వినేవాళ్ళకి అది కుదరదు. పొద్దున్నే ఒకరు పాలు పితుకుతుంటారు, ఒకరు పిల్లకి జడ అల్లుతుంటారు. తొమ్మిదింటికి స్టీరింగు, మధ్యాహ్నం కుట్టుమిషను. ఆ జడ అల్లే తల్లికి గడియారం వైపు తిరిగే తీరిక ఉండదు, మీరు చెప్పే టైమే గడియారం. మీ జోకు నవ్వించకపోయినా ఆవిడ క్షమిస్తుంది. ఏడూ నలభై అయిందని చెప్పడం మర్చిపోయి స్కూలు బస్సు తప్పించారనుకోండి, ఇక అంతే.

ఈ లెక్క నాకంటే బాగా తెలిసినవాళ్ళు జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో ఉన్నారు. సంఘం రేడియో, 90.4 ఎఫ్‌ఎం. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల రేడియో అది, 2008 అక్టోబరు 15న మొదలైంది. మైకు ముందు కూర్చున్నది నర్సమ్మ పేరున్న ఇద్దరు దళిత మహిళలు. ప్రసారం రాత్రి ఏడింటి నుంచి తొమ్మిదింటి వరకు. పొలం పనికి పోయిన ఆడవాళ్ళు ఇల్లు చేరి పొయ్యి వెలిగించే వేళ చూసుకుని పెట్టుకున్నారు. మాట్లాడేది అక్కడి మాటే. చిరుధాన్యాల విత్తనం గురించి చెప్పాలంటే ఆ విత్తనం ఇంట్లో దాచుకున్న ముసలమ్మనే అడుగుతారు. మనం వంద కిలోమీటర్ల అవతల ఏసీ గదిలో కూర్చుని "రైతు సోదరులారా" అంటుంటాం. ఆ పిలుపులో నాకు సోదరుడూ కనబడడు, రైతూ కనబడడు.

అలాగని వరసలు కలపొద్దని కాదు. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938లో మొదలైంది. అక్కడి నుంచి పిల్లల కార్యక్రమం నడిపిన న్యాయపతి రాఘవరావు గారిని పిల్లలు రేడియో అన్నయ్య అన్నారు, కామేశ్వరి గారిని రేడియో అక్కయ్య అన్నారు. నిజానికి వాళ్ళిద్దరూ భార్యాభర్తలు! పిల్లలకి ఆ సంగతితో పనిలేదు. పిల్లల చేతే పాడించి, మాట్లాడించి, నాటకాలు వేయించారు కాబట్టి ఆ పిలుపు నిలిచింది. మొదటి రోజే లైన్లోకి వచ్చినవాళ్ళని "మామా, బ్రో" అనేస్తే అలా నిలవదు.

విజయవాడ కేంద్రంలో ఉషశ్రీ గారు శ్రోతల ధర్మసందేహాలకు జవాబులు చెప్పేవారు. అడిగిన ప్రశ్న పేలవంగా ఉంటే మొహమాటం లేకుండా ఆ మాటే అనేవారు. అయినా ఉత్తరాలు ఆగలేదు. తమ ఉత్తరం చదివాడు, తమకే జవాబు చెబుతున్నాడు అన్న నమ్మకం అది.

ఇక పేర్ల సంగతి. ఇప్పుడు మెసేజిలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో వస్తున్నాయి. అందులో దకారానికీ డకారానికీ తేడా ఉండదు. పెడన నుంచి పంపితే "పెదన" అని చదివారు మొన్న ఒకరు. కోదాడ కాస్తా కొడాడ్ అయిపోయింది. తన ఊరి పేరు రేడియోలో వస్తుందని ఇంటిల్లిపాదినీ పిలిచి కూర్చోబెట్టుకున్న మనిషి మొహం ఆ క్షణాన ఎలా ఉంటుందో ఆలోచించండి. తెలియకపోతే ఫోన్ చేసి అడగండి, ఏం తప్పులేదు. అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోలేదు నాకు తెలిసి.

సరే, టీ వచ్చినట్టుంది. ఈ సంచీలో పాత ఉత్తరాలున్నాయి. తాగి వచ్చాక తలా ఒకటి తీసుకోండి. మైకులో చదివే ముందు, రాసినాయన ఆ ఉత్తరం ఏ వేళప్పుడు, ఏ పని మధ్యలో రాసి ఉంటాడో నాకు చెప్పండి. పసుపు మరకలున్న కార్డు ఒకటుంది, ముందు దాన్ని ఎవరు తీసుకుంటారో చూస్తాను.