ట్యూబు ఇచ్చే ముందు ఒక మాట

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీలో కొత్తగా చేరిన మీకు మన ప్రొటీన్ ల్యాబు గురించి చెప్పమన్నారు. మీరిచ్చిన శాంపిల్‌లో ఏ ప్రొటీన్ ఉందో మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంతో తేల్చే చోటు ఇది. స్లైడ్లు తేలేదు. ఈ ఒక్క కాగితం తెచ్చాను.

ఇది కొన్నేళ్ల కిందటి రిజల్టు. నీళ్లు ఆపితే జొన్న వేళ్లలో ఒక ప్రొటీన్ పెరుగుతోంది, అదేమిటో తేల్చమని ఒకమ్మాయి జెల్ బ్యాండు తెచ్చింది. మొక్కలు పెంచి, ఎండబెట్టి, వేళ్లు నూరి, ప్రొటీన్లను సైజు వారీగా విడదీసే జెల్ నడిపి, నీలం రంగు వేసి, బ్లేడుతో కోసిన బ్యాండు. మూడు నెలల కష్టం. రిజల్టులో మొదటి పేరు కెరటిన్. రెండోదీ కెరటినే. మూడోది ప్రొటీన్‌ను ముక్కలు చేయడానికి మేం వేసిన ట్రిప్సిన్ అనే ఎంజైమ్. జొన్న ఎక్కడో అడుగున, ఒకే ఒక్క ప్రొటీన్ ముక్క, అంటే పెప్టైడ్‌తో. కెరటిన్ అంటే చర్మం, జుట్టు, గోళ్లు. మొదటిది మనిషిది, రెండోది గొర్రెది. "గొర్రె ఎక్కణ్నుంచి వచ్చింది సార్?" అంది. డిసెంబరు నెల. ఒంటి మీద ఉన్ని స్వెటరు.

ఆ పిల్లది తప్పనను. జెల్ కొయ్యకముందే మాతో మాట్లాడమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మా ఫారంలోనూ ఆ మాట లేదు. ఇప్పుడు మొదటి పేజీలోనే ఉంది.

మాస్ స్పెక్ట్రోమీటర్ అంటే నిజానికి ఒక త్రాసు. ట్రిప్సిన్ మీ ప్రొటీన్‌ను లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు వచ్చిన చోటల్లా కత్తిరిస్తుంది. ఆ ముక్కలకు ఛార్జి ఇచ్చి ఎగరేస్తాం, తూస్తాం, విరగ్గొట్టి తునకల్నీ తూస్తాం. ఆ బరువుల్ని కంప్యూటరు డేటాబేసుతో పోలుస్తుంది. డేటాబేసులో లేని పేరు అది చెప్పలేదు. కంటామినెంట్ల, అంటే బయటి నుంచి వచ్చి కలిసే మలినాల, జాబితా కూడా కలిపి వెతుకుతాం కాబట్టే ఆ రోజు గొర్రె దొరికిపోయింది. మీ శాంపిల్ ఏ జీవిదో ఫారంలో రాయమని మేం వెంటపడేది ఇందుకే.

ఇలాంటి యంత్రం కోట్లలో మాట. కొనడం ఒక ఎత్తు, నడపడం ఇంకో ఎత్తు. లోపల వాక్యూమ్ కోసం పంపులు రాత్రింబవళ్లు తిరగాలి. కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే, మళ్లీ దారిలో పడేసరికి ఒక రోజు పోతుంది. నైట్రోజన్, పెప్టైడ్లను విడదీసే కాలమ్‌లు, ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు (ఏఎంసీ) ఖర్చులు సరేసరి. ప్రతి ప్రొఫెసరూ సొంతానికి ఒకటి కొనుక్కుని తాళం వేసుకోవడం నా దృష్టిలో దండగ. పంచుకోవాలన్న ఆలోచన కొత్తదేం కాదు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ (డీఎస్టీ) వాళ్ల సైఫ్ కేంద్రాలు, అంటే అందరూ వాడుకునే పరికరాల కేంద్రాలు, 1970ల నాటివి. దేశంలో ఏ పరికరం ఎక్కడుందో చూసి బుక్ చేసుకోవడానికి 2020 జనవరిలో ఐ-స్టెమ్ పోర్టల్ వచ్చింది. మా దగ్గర కుదరని పనికి హైదరాబాద్‌లోనే సీసీఎంబీ ఉంది, ఐఐసీటీలో జాతీయ మాస్ స్పెక్ట్రోమెట్రీ కేంద్రం ఉంది. అక్కడికి పంపడం మాకేం నామోషీ కాదు.

పంచుకునే యంత్రంతో ఒక చిక్కుంది. మీ తప్పు మీతో ఆగదు. ఒకసారి ఒకబ్బాయి బఫర్‌లో ట్రైటాన్ అనే డిటర్జెంట్ ఉన్న సంగతి ఫారంలో రాయలేదు. రన్ మొదలుపెట్టగానే స్క్రీన్ మీద దువ్వెన పళ్లలా పీకులు, ఒక్కొక్కదానికీ సరిగ్గా 44 డాల్టన్ల (అణువుల బరువు కొలత) ఎడం. ప్రొటీన్ జాడే లేదు. కాలమ్ మార్చి, రెండు రోజులు కడిగాం. ఆ వెనక క్యూలో ఉన్న ముగ్గురి తేదీలు జరిగిపోయాయి. అందులో ఒకమ్మాయికి థీసిస్ గడువు దగ్గర పడింది. ఆమె టెన్షన్ నేను చూశాను.

ఆ అబ్బాయి దాచాడని కాదు, చెబితే తిరిగి పంపేస్తామని భయపడ్డాడు. భయపడకండి. కోయిచి తనాకా సంగతి తెలుసుగా? షిమాడ్జు కంపెనీలో ఇంజినీరు, పీహెచ్‌డీ కూడా లేదు. 1985లో కోబాల్ట్ పొడిలో పొరపాటున గ్లిజరిన్ కలిపేశాడు. పారెయ్యడం ఎందుకని దాన్నే యంత్రంలో పెట్టి చూశాడు. పెద్ద అణువులు చెక్కుచెదరకుండా ఎగిరే దారి అక్కడ దొరికింది. 2002లో నోబెల్ పంచుకున్నాడు. ఏం కలిపాడో అతనికి తెలుసు కాబట్టి సరిపోయింది. మీరేం కలిపారో మాకూ తెలియాలి.

ఇంకొకటి. "అన్నీ చూసి పెట్టండి సార్" అనకండి. ఆ ప్రొటీన్ ఏమిటో కావాలా, ఎంతుందో కావాలా, దాని మీద ఫాస్ఫేట్ ఉందో లేదో కావాలా? మూడూ వేరు వేరు పనులు. ఫాస్ఫేట్ చేరితే పెప్టైడ్ బరువు 79.966 డాల్టన్లు పెరుగుతుంది, సల్ఫేట్ చేరితే 79.957. ఆ వెంట్రుకవాసి తేడాను పట్టాలంటే ఏ యంత్రమో ముందే నిర్ణయించుకోవాలి. ఫాస్ఫేట్ ఊడిపోకుండా వేళ్లు నూరేటప్పుడే మందు కలపాలి. మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్కేతో కలిసి రంగు చూసి ఫాస్ఫరస్‌ను లెక్కగట్టారు. ఆయనకు ఈ త్రాసు లేదు, మీకుంది.

రిజల్టుతో పాటు రా ఫైళ్లూ (యంత్రం రాసిన అసలు డేటా) తీసుకెళ్లండి, పెద్దవి, హార్డ్ డిస్క్ తెచ్చుకోండి. పేపర్లో ల్యాబు పేరు రాయడం మరిచిపోకండి. వచ్చే ఏడాది గ్రాంటు అడగడానికి మాకు అదే ఆధారం.

శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకు ల్యాబులో ఉంటాను. శాంపిల్ అక్కర్లేదు, ప్రశ్నతో రండి. స్వెటర్లు మాత్రం బయట కొక్కేనికి తగిలించి రండి.