కొండమీది మేఘం, గాజుపాత్రలోని మేఘం

శ్రోతలకు నమస్కారం. కొలిచే సాధనాలను కనిపెట్టడమే జీవితంగా చేసుకున్న భౌతికశాస్త్రవేత్తల గురించి మాట్లాడాలంటే, నాకు ముందుగా గుర్తుకు వచ్చే పేరు సి.టి.ఆర్. విల్సన్.

1869లో స్కాట్లండులో గొర్రెలు పెంచే రైతు ఇంట పుట్టిన విల్సన్, వైద్యం చదవాలని బయలుదేరి, చివరకు కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రం వైపు మళ్ళారు. 1894 సెప్టెంబరులో స్కాట్లండులోని బెన్ నెవిస్ శిఖరం మీది వాతావరణ పరిశోధనశాలలో రెండు వారాలు పనిచేశారు. కింద పరచుకున్న మేఘం మీద పడే నీడల చుట్టూ రంగుల వలయాలు ఏర్పడడం చూసి ముగ్ధులైన ఆయన, ఆ దృశ్యాన్ని ప్రయోగశాలలో మళ్ళీ చూడాలనుకున్నారు. గాజుపాత్రలో మేఘాన్ని పుట్టించే సాధనమైన క్లౌడ్ చాంబర్ పుట్టుకకు మూలం ఆ కోరికే.

తేమగాలిని గాజుపాత్రలో బంధించి, పిస్టన్‌ను ఒక్కసారిగా కిందికి జార్చితే, గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. అందులోని ఆవిరి ధూళికణాలను ఆసరా చేసుకుని నీటిబొట్లుగా మారుతుంది. ధూళి లేనిదే మేఘం కట్టదని అప్పటి నమ్మకం. విల్సన్ ధూళినంతా తొలగించిన తర్వాత కూడా, గాలి ఘనపరిమాణం సుమారు 1.25 రెట్లు దాటినప్పుడల్లా కొన్ని బొట్లు కనిపిస్తూనే వచ్చాయి. పరికరంలోని లోపమని తోసిపుచ్చడానికి వీలున్న ఆ నాలుగు బొట్లను ఆయన వదలకుండా పట్టుకోవడంలోనే నాకు ఆయన గొప్పతనం కనిపిస్తుంది. 1896లో, అప్పుడే వెలుగులోకి వచ్చిన ఎక్స్ కిరణాలను పాత్రలోకి పంపగానే, ఆ కొద్దిపాటి తుంపర దట్టమైన పొగమంచుగా మారింది. ధూళి చేసే పనిని ఇక్కడ అయాన్లు, అంటే విద్యుదావేశం గల కణాలు, చేస్తున్నాయి.

అయాన్ల మీద బొట్లు నిలిచేటట్లయితే, అయాన్లను పుట్టిస్తూ దూసుకుపోయే కణం నడిచిన దారి కూడా కంటికి కనిపించాలి. ఆ దారిని ఫోటో తీయడానికి 1911 దాకా పట్టింది. గాజును ఆయన స్వయంగా ఊది, స్వయంగా అరగదీసేవారు. పగిలితే మళ్ళీ మొదలుపెట్టేవారు. వ్యాకోచం, కిరణం, ఫోటోకు కావలసిన మెరుపు ఒకదాని వెంట ఒకటి సరిగ్గా కుదరాలి. కాస్త ఆలస్యమైనా బొట్లు చెదిరిపోతాయి. అన్నీ కుదిరిన చిత్రంలో, రేడియోధార్మిక పదార్థం నుంచి వెలువడే ఆల్ఫా కణం దారి తిన్నగా, చిక్కగా, తెల్లటి దారం పోగులా ఉంటుంది. ఒక్కొక్కప్పుడు కొస దగ్గర చటుక్కున వంగుతుంది. పరమాణు కేంద్రకాన్ని ఢీకొన్న చోటు అది. అలాంటి పదార్థం నుంచే వెలువడే, ఆల్ఫా కంటే ఎంతో తేలికైన బీటా కణం దారి సన్నగా, తెగిన పూసల పేరులా వంకర తిరుగుతుంది.

మధ్యలో మరో మాట. 1901 ప్రాంతంలో, గాలిలో అయాన్లు పుట్టడానికి కారణం భూమికి వెలుపలి నుంచి వచ్చే కిరణాలేమోనని ఆయన ఊహించారు. పైనున్న రాయి ఆ కిరణాలను అడ్డుకుంటే లోపల అయాన్లు తగ్గాలి కదా అని, తాను తయారుచేసిన విద్యుద్దర్శినితో, అంటే విద్యుదావేశాన్ని పసిగట్టే సాధనంతో, రాత్రివేళ ఒక రైలు సొరంగంలో కొలిచి చూశారు. లోపల అయాన్లు తగ్గలేదు. సాధనం చెప్పినదాన్ని మన్నించి ఊహను పక్కన పెట్టారు. 1912లో ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో పైకెళ్ళి కొలిచిన కొలతలు ఆ ఊహే నిజమని చూపాయి.

1927లో ఆర్థర్ కాంప్టన్‌తో కలిసి విల్సన్ నోబెల్ బహుమతి అందుకున్నారు. 1932లో కార్ల్ ఆండర్సన్ పాజిట్రాన్‌ను, అంటే ఎలక్ట్రాన్ లాంటిదే అయినా ధనావేశం గల కణాన్ని, గుర్తించింది క్లౌడ్ చాంబర్‌లోనే. విల్సన్ మనసు మాత్రం మేఘాలను వీడలేదు. ఉరుములు మెరుపుల మేఘాల్లో విద్యుత్తు ఎలా పుడుతుందో వివరించే ఆయన వ్యాసం 1956లో, ఆయనకు 87వ ఏట, అచ్చయింది.