ఖడ్గమృగాల లెక్క పెరిగింది, చోటు పెరగలేదు

చర్చలో పాల్గొన్నవారు: విశ్రాంత అటవీ అధికారి, వన్యప్రాణి పశువైద్యురాలు, గడ్డిభూముల పరిశోధకుడు

వ్యాఖ్యాత: నమస్కారం. 2013లో 27, ఆ మరుసటేడు మళ్లీ 27 ఖడ్గమృగాలను వేటగాళ్లకు పోగొట్టుకున్న రాష్ట్రం అస్సాం. 2022లో అక్కడ ఒక్కటి కూడా వేటకు బలికాలేదు. అదే ఏడాది మార్చిలో కాజీరంగాలో లెక్కపెడితే 2613 తేలాయి. 1966 నాటి లెక్కలో ఉన్నవి 366. మరి గండం గడిచినట్టేనా? అధికారి గారూ, మీతోనే మొదలుపెడదాం.

అటవీ అధికారి: ఆ సున్నా మామూలు విషయం కాదండీ, ఊరికే రాలేదు. కానీ ఇంకో లెక్క కూడా చూడాలి. 2005లో అస్సాం ప్రభుత్వం, కొన్ని సంరక్షణ సంస్థలు కలిసి ‘ఇండియన్ రైనో విజన్ 2020’ మొదలుపెట్టాయి. 2020 కల్లా 3000 ఖడ్గమృగాలు ఉండాలి, అవి ఏడు రక్షిత ప్రాంతాల్లో ఉండాలి. ఇదీ లక్ష్యం. మొదటి సగం దాదాపు అందింది, 2900 దగ్గరికి వచ్చాం. రెండో సగం నాలుగు చోట్ల ఆగిపోయింది: కాజీరంగా, పొబితోరా, ఒరాంగ్, మానస్. అందరూ చెప్పుకునేది మొదటి సగమే. నాకు రెండోదే ముఖ్యం. ఒంటికొమ్ము ఖడ్గమృగాలు ప్రపంచం మొత్తంలో నాలుగు వేల పైచిలుకు ఉంటే, మూడింట రెండొంతులు ఒక్క కాజీరంగాలోనే ఉన్నాయి.

వ్యాఖ్యాత: ఒకచోట క్షేమంగా ఉన్నాయి కదా, ఇబ్బంది ఏంటి?

పరిశోధకుడు: ఆ చోటు బ్రహ్మపుత్ర వరద మైదానం కావడమే ఇబ్బంది. విచిత్రం ఏంటంటే, వరద రాకపోతే కాజీరంగా ఉండదు. వరదే బీళ్లను నింపుతుంది. బీల్ అంటే అక్కడి లోతు తక్కువ చెరువు. పాత గడ్డిని, గుర్రపుడెక్కను కొట్టుకుపోయి కొత్త ఒండ్రు వేస్తుంది. వరద నాలుగేళ్లు సరిగ్గా రాకపోతే గడ్డి మధ్యలో చెట్లు మొలుస్తాయి, గడ్డిభూమి కాస్తా అడవి అవుతుంది. ఖడ్గమృగానికి అడవి పనికిరాదు. కానీ అదే నీళ్లు మోతాదు మించితే 2017లో జరిగినట్టు ముప్పై దాకా ఖడ్గమృగాలు పోతాయి. తల్లి ఈదగలదు, పిల్ల ఎంతసేపని ఈదుతుంది?

అటవీ అధికారి: నీళ్లు పెరిగితే జంతువులు దక్షిణాన కర్బీ ఆంగ్లాంగ్ కొండల మీదికి వెళ్లాలి. మధ్యలో పాత 37వ నంబరు జాతీయ రహదారి ఉంది, ఇప్పుడు 715. వరద రోజుల్లో లారీలకు గంటకు 40 కిలోమీటర్ల హద్దు పెట్టి, ఎంట్రీ దగ్గర టైమ్ కార్డు ఇస్తారు. అవతలి చివర నిర్ణీత సమయం కంటే ముందే తేలితే జరిమానా. పనిచేసే పద్ధతే. కాకపోతే రోడ్డు పక్కన హోటళ్లు, రిసార్టులు, ప్రహరీలు కట్టుకుంటూ పోతే జంతువు దాటేది ఎక్కడ?

వ్యాఖ్యాత: లోపల మట్టి దిబ్బలు పోశారు కదా.

అటవీ అధికారి: పోశారు. 1990ల్లో వంద దాకా, ఆ తర్వాత ఇంకా ఎత్తుగా మరో 33. దిబ్బ పోయడం కంటే దాని వాలు ముఖ్యం. నిటారుగా ఉంటే అలసిపోయిన జంతువు ఎక్కలేదు, ఒడ్డు కూడా కోసుకుపోతుంది. వాలు మెల్లగా ఉండాలి, పైన గడ్డి నాటాలి. లేకపోతే నీళ్లు తీసేదాకా జంతువు వట్టి మట్టి మీద ఆకలితో నిలబడాల్సిందే.

వ్యాఖ్యాత: సరే, మరి కొన్నింటిని వేరే చోటికి తరలిస్తే పోయేదానికి... డాక్టర్ గారూ?

పశువైద్యురాలు: మీరన్నంత తేలిక కాదండీ. అసలు ఎలా జరుగుతుందో చెబుతాను. చలికాలంలోనో ఎండలు ముదరకముందో, తెల్లవారగానే మొదలుపెట్టాలి. కుంకీల మీద, అంటే తర్ఫీదు పొందిన ఏనుగుల మీద వెళ్లి, జంతువును నీటికి దూరంగా ఉంచేలా చుట్టూ నిలబడాలి. ఇందులో తేడా వస్తే మిగతావన్నీ వృథా, ఎందుకంటే మత్తు ఎక్కుతున్న ఖడ్గమృగం బీల్‌లోకి పరుగెత్తి ముక్కు నీళ్లలో పెట్టి పడిందంటే రెండు టన్నుల జంతువును ఎవరూ లేపలేరు. మునిగి చనిపోతుంది. మందు ఎటార్ఫిన్. అంత పెద్ద జంతువుకు రెండు మిల్లీగ్రాములు, కాస్త అటూ ఇటూ. మనిషికి పొరపాటున గీరుకున్నా ప్రాణం మీదికి వస్తుంది. అందుకే సిరంజిలో మత్తు నింపకముందే, మనుషుల కోసం విరుగుడు సిరంజి నింపి పక్కన పెట్టుకుంటాం. విరుగుడు ముందు, మత్తు తర్వాత. ఈ వరస తప్పకూడదు.

వ్యాఖ్యాత: సూది తగిలాక?

పశువైద్యురాలు: కండలోకి పూర్తిగా దిగితే పది నిమిషాల్లోపే కూలబడుతుంది. చర్మం మడతలోనో కొవ్వులోనో ఇరుక్కుంటే సగం మందే ఎక్కుతుంది. అప్పుడు పడదు, మత్తుగా పరుగెడుతూనే ఉంటుంది. ఒళ్లు వేడెక్కి కండరాలు దెబ్బతింటాయి. అలాంటివి నాలుగైదు రోజుల తర్వాత చనిపోయే ప్రమాదం ఉంది, అప్పటికి అందరూ ఆపరేషన్ సక్సెస్ అని చప్పట్లు కొట్టేసి ఉంటారు. పడ్డాక పక్కకు ఒరగనివ్వకూడదు. బోర్లా, కాళ్లు ముడుచుకుని కూర్చున్నట్టు ఉంచాలి. ఊపిరి ఎలాగూ మందగించి ఉంటుంది, పక్కకు పడితే ఆ బరువుకు ఊపిరితిత్తులు నొక్కుకుపోతాయి. కళ్లకు గుడ్డ, చెవుల్లో దూది, ముక్కులో ఆక్సిజన్ గొట్టం, ఒంటి మీద నీళ్లు. ఆ కాస్త సమయంలోనే రక్తం తీయాలి, చెవికి గుర్తు కోయాలి, మైక్రోచిప్ పెట్టాలి, ఎక్కడ తిరుగుతుందో తెలిపే రేడియో కాలర్ మెడకు బిగించాలి.

అటవీ అధికారి: కాలర్ సంగతి చెప్పండి డాక్టర్ గారూ, దాంతోనే మాకు తలనొప్పి.

పశువైద్యురాలు: ఖడ్గమృగానికి మెడ కంటే తల సన్నం. వదులుగా కడితే తలమీదుగా జారిపోతుంది. బిగిస్తే మడతల్లో ఒరిసి పుండు పడుతుంది. ఆ తేడా అరచేయి మందం కూడా ఉండదు. తర్వాత జంతువును చెక్క పలక మీదికి దొర్లించి, లారీ మీది పెట్టెలోకి ఎక్కిస్తాం. పెట్టె ఇరుకుగానే ఉండాలి. చూసేవాళ్లు అయ్యో పాపం అంటారు గానీ, వెడల్పుగా ఉంటే లోపల వెనక్కి తిరగబోయి కొమ్ము విరగ్గొట్టుకుంటుంది. పెట్టెలోకి వెళ్లాక చెవి నరంలోకి విరుగుడు ఎక్కిస్తే ఒకటి రెండు నిమిషాల్లో లేచి నిలబడుతుంది.

వ్యాఖ్యాత: ఇంత చేసి మానస్‌కు పంపారు. అక్కడ ఏమైంది?

అటవీ అధికారి: మానస్ చరిత్ర ముందు తెలియాలి. 1980ల్లో అక్కడ వంద దాకా ఉండేవి. బోడో గిరిజనుల ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో అటవీ క్యాంపులు కాలిపోయాయి, సిబ్బంది లేరు, పదేళ్లలో ఒక్కటీ మిగల్లేదు. 1992లో యునెస్కో ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పెట్టింది, 2011లో తీసింది. 2008లో పొబితోరా నుంచి రెండు మగవి వెళ్లాయి. 2012 నాటికి పొబితోరా నుంచి పది, కాజీరంగా నుంచి ఎనిమిది, మొత్తం పద్దెనిమిది. వాటిలో కొన్నింటిని వేటగాళ్లు చంపేశారు. నా ఉద్దేశంలో, జంతువులు చేరాయి గానీ వాటి వెనక రావాల్సిన బందోబస్తు ఆలస్యంగా చేరింది. కొత్త చోట జంతువు ఊరుకోదు, తిరుగుతుంది, పార్కు దాటి పొలాల్లోకి వెళ్తుంది. దాని వెనక రోజూ మనిషి ఉండాలి. చివరికి నిలబెట్టింది స్థానిక బోడో యువకుల బృందాలు. వాళ్లలో ఒకప్పుడు వేటాడినవాళ్లూ ఉన్నారు. దారులు వాళ్లకు తెలిసినంతగా గార్డులకు తెలియవు.

వ్యాఖ్యాత: దక్షిణాఫ్రికాలో కొమ్ములే కోసేస్తున్నారు. మనం ఎందుకు చేయం?

పశువైద్యురాలు: అక్కడి క్రూగర్ జాతీయ పార్కు చుట్టుపక్కల పదకొండు రిజర్వుల్లో 2017 నుంచి 2023 దాకా లెక్కలు చూస్తే, కొమ్ములు కోసిన చోట వేట 78 శాతం తగ్గింది. అందుకు అయిన ఖర్చు మొత్తం బడ్జెట్‌లో ఒకటిన్నర శాతం కూడా లేదు. పనిచేస్తుంది, సందేహం లేదు. కొమ్మంటే మన గోళ్లలా కెరాటిన్. మొదలు దగ్గర ఏడెనిమిది సెంటీమీటర్లు వదిలి రంపంతో కోస్తే నొప్పి ఉండదు. కిందికి కోస్తే మాత్రం పెరిగే పొర తెగి రక్తం వస్తుంది. మళ్లీ పెరుగుతుంది కాబట్టి ఏడాదిన్నర, రెండేళ్లకోసారి మళ్లీ కోయాలి.

పరిశోధకుడు: అక్కడే వస్తుంది చిక్కు. అక్కడ పొదల మైదానాలు, హెలికాప్టర్ నుంచి కనిపిస్తాయి. ఇక్కడ ఏనుగు మునిగేంత గడ్డి, అడుగడుగునా నీళ్లు. 2600 జంతువులకు రెండేళ్లకోసారి మత్తు ఇస్తే, వేటగాళ్ల కంటే మనమే ఎక్కువ చంపుతామేమో! పైగా వేటగాడు మిగిలిన మొదలు కోసం కూడా కాలుస్తాడు.

పశువైద్యురాలు: మనవాటి కొమ్ము కూడా చిన్నది. 2021 సెప్టెంబరులో బొకాఖాట్‌లో ప్రభుత్వం 2479 కొమ్ములు కాల్చేసింది గుర్తుందా, వాటి సగటు బరువు అరకిలో పైచిలుకే. ఇంకోటి, చాలామందికి తెలియనిది: ఒంటికొమ్ము ఖడ్గమృగం పోట్లాటలో వాడేది కొమ్ము కాదు, కింది దవడలోని కోరల్లాంటి ముందు పళ్లు. ఆ గాట్లు కత్తితో కోసినట్టు ఉంటాయి. పొబితోరాలో నూరు పైగా జంతువులు దాదాపు పదహారు చదరపు కిలోమీటర్లలో కిక్కిరిసి ఉన్నాయి. మగవాటికి అలాంటి గాయాలు తప్పవు.

వ్యాఖ్యాత: గడ్డి గురించి... పరిశోధకుడు గారూ, మిమోసా అంటున్నారు, అదేంటి?

పరిశోధకుడు: మన అత్తిపత్తి జాతిదే, ముళ్లతో పందిరిలా అల్లుకుపోయే రకం. నేలకు నత్రజని అందిస్తుందని తేయాకు తోటలవాళ్లు వేసుకున్నారు. వరద నీళ్లతో విత్తనం పార్కులోకి వచ్చింది. అది అల్లుకున్న చోట గడ్డి చస్తుంది, ఖడ్గమృగం దాన్ని తినదు, తింటే విషం. జనవరి, ఫిబ్రవరిలో గడ్డికి నిప్పు పెడతారు, లేత చిగుళ్లు రావాలని. మిమోసా ఉన్నచోట ఆ నిప్పు చాలదు, విత్తనం నేలలో ఏళ్ల తరబడి ఉంటుంది. పూతకు ముందే వేళ్లతో పీకాలి. వరసగా కొన్నేళ్లు పీకాలి. ఒక్క ఏడాది మానేస్తే మళ్లీ మొదటికే. పార్కు మ్యాపులో ఇన్ని వందల చదరపు కిలోమీటర్లు అని రాసుకుంటాం గానీ, అందులో మేత ఎంత అన్నది వేరే లెక్క.

వ్యాఖ్యాత: అస్సాం గురించి ఇంతసేపు మాట్లాడాం. మన వైపు ఎప్పుడైనా ఉండేవా?

పరిశోధకుడు: ఖడ్గమృగాలు ఉండేవి. బేతంచర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వినప్పుడు ఎముకలు దొరికాయి. వాటికి ‘రైనోసెరస్ కర్నూలియెన్సిస్’ అని కర్నూలు పేరే పెట్టారు. అది చాలా పాత కాలం లెండి. పదహారో శతాబ్దంలో బాబరు పెషావరు వైపు ఒంటికొమ్ము ఖడ్గమృగాన్ని వేటాడాడు. సింధు నుంచి బ్రహ్మపుత్ర దాకా ఉన్న జంతువు అది.

వ్యాఖ్యాత: అధికారి గారూ, ఏడులో మిగిలిన ఆ మూడు చోట్ల సంగతి?

అటవీ అధికారి: ముందు వరసలో ఉన్నవి లావఖోవా, బుఢాచపోరి అభయారణ్యాలు. కాజీరంగాకు, ఒరాంగ్‌కు మధ్యన ఉంటాయి. 1983 అల్లర్లలో లావఖోవాలో ఉన్న నలభై పైచిలుకు ఖడ్గమృగాలనూ చంపేశారు. ఈమధ్య ఆక్రమణలు తీశాక, నలభై ఏళ్ల తర్వాత రెండు వాటంతట అవే వచ్చాయి. లారీలో తెచ్చినదానికంటే నడిచి వచ్చింది నయం, మత్తు లేదు, పెట్టె లేదు. అక్కడ ఇప్పుడు చేయాల్సింది పశువుల మేతను ఆపడం, పశువులకు టీకాలు వేయడం, క్యాంపులు పెంచడం. నది మధ్య చపోరిల మీద, అంటే ఇసుక దీవుల మీద, పడవ గస్తీ కూడా కావాలి, ఎందుకంటే వేటగాడు రోడ్డు మీంచి కాదు, పడవ మీంచే వస్తాడు.

పశువైద్యురాలు: టీకాల పని ముందు కానివ్వండి సార్. పశువుల గొంతువాపు అటు సోకిందంటే ఆ రెండు ఖడ్గమృగాలకూ దిక్కు లేదు.