రోడ్డు ప్రమాదంలో మనిషి పోతే పరిహారం కేసు ఎన్నాళ్లు నడుస్తుంది?

యాంకర్: నమస్కారమండి. ఈ వారం ఫోన్-ఇన్‌లో రోడ్డు ప్రమాద మరణాలు, పరిహారం కేసుల గురించి మాట్లాడుకుందాం. మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునళ్లలో ఈ కేసులే వాదించే న్యాయవాది మన స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ మిర్యాలగూడ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా ఆయన తాపీ మేస్త్రి. పని నుంచి బండి మీద వస్తుంటే లారీ గుద్దింది. నాలుగు నెలలైంది. పోలీసోళ్లు కేసు రాసిండ్రు. ఆ కేసు అయ్యేదాకా పరిహారం కోసం ఆగాల్నా?

న్యాయవాది: ఆగొద్దమ్మా. అవి రెండూ వేరు. డ్రైవరు మీద పోలీసులు పెట్టింది శిక్ష కోసం, బీఎన్ఎస్, అంటే భారతీయ న్యాయ సంహిత, 106 సెక్షన్ కింద. మీరు వేయాల్సింది మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద. అక్కడ డ్రైవరు మీద కేసు కొట్టేసినా, ఒక్క ఆ కారణంతో ఇక్కడ మీ కేసు పోదు. ఇక్కడ ఏది ఎక్కువ నమ్మదగ్గట్టుంది అన్నదే చూస్తారు. అసలు సంగతి గడువు. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలని చట్టంలో ఉంది. దాని మీద సుప్రీంకోర్టులో సవాలు ఉంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. మీకింకా రెండు నెలలుంది. పైగా వడ్డీ మామూలుగా పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కగడతారు. ఆలస్యమైన ప్రతి నెలా మీకే నష్టం.

కాలర్: ప్రమాదం అయింది వేరే జిల్లాల సార్. అక్కడికే పోవాల్నా?

న్యాయవాది: అక్కర్లేదమ్మా. మీరుండే చోటు ట్రిబ్యునల్లోనే వేయొచ్చు. ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, సంఘటన స్థలం స్కెచ్, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, ఛార్జిషీటు నకళ్లు తీసుకోండి. ఛార్జిషీటు ఇంకా పడకపోతే దాని కోసం ఆగొద్దు, తర్వాత దాఖలు చేయొచ్చు. మీ చేతిలో ఎఫ్ఐఆర్ ఉందా?

కాలర్: ఉంది సార్.

న్యాయవాది: అందులో లారీ నంబరు ఉందా, ‘గుర్తు తెలియని లారీ’ అని ఉందా చూడండి.

కాలర్: నంబరు ఉంది సార్.

న్యాయవాది: మంచిది. నంబరు వారం తర్వాత ఎక్కితే, బండిని ఇరికించారని బీమా కంపెనీ మొదటి రోజే అంటుంది. అప్పుడు కళ్లారా చూసిన సాక్షే దిక్కు. నంబరు ఉన్నా సాక్షి కావాలి. శవ పంచనామాలో ఎవరెవరి మాటలు రాశారో చూసి, వాళ్ల ఫోన్ నంబర్లు ఇప్పుడే తీసుకోండి. రెండేళ్లకు కోర్టు పిలిచేసరికి మనిషి ఎక్కడుంటాడో తెలియదు.

మేస్త్రి పని అన్నారు గనక జీతం స్లిప్పు ఉండదు. కాంట్రాక్టరు జేబులో హాజరు పుస్తకం ఉంటుంది చూడండి, పెన్సిలుతో పేరు ఎదురుగా గీతలు పెట్టి, వారానికి ఎంత ఇచ్చాడో రాసుకునేది. దాని అసలు కావాలి. కాంట్రాక్టరు కోర్టుకొచ్చి ‘ఇది నా రాత’ అని చెప్పాలి. పాస్‌బుక్కులో వారం వారం వేసిన డబ్బు, కార్మిక సంక్షేమ బోర్డు కార్డు కూడా పెట్టండి. ఏమీ లేకపోతే కోర్టు తనకు తోచిన అంచనా వేస్తుంది. అది దాదాపు ఎప్పుడూ తక్కువే.

కాలర్: నెలకు 18 వేలు వచ్చేది సార్. వయసు 34. నేను, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ ఉన్నం.

న్యాయవాది: రాసుకోండమ్మా. సొంత పని, 40 ఏళ్లలోపు మనిషి గనక భవిష్యత్తు సంపాదనకు 40 శాతం కలుపుతారు. 2017 అక్టోబరులో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన లెక్క ఇది. 18 వేలు 25,200 అవుతుంది. ఏడాదికి 3,02,400. ఆధారపడ్డవాళ్లు నలుగురు గనక ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలేది 2,26,800. 31 నుంచి 35 ఏళ్ల మధ్య పోతే 16తో హెచ్చిస్తారు, అది 2009 నాటి సరళా వర్మ కేసు పట్టిక. 36,28,800 వచ్చింది. తోడు కోల్పోయినందుకు ఒక్కొక్కరికి 48,400 చొప్పున నలుగురికి, అంత్యక్రియలకు 18,150, ‘లాస్ ఆఫ్ ఎస్టేట్’, అంటే ఆయన మిగిల్చి వెళ్లేది పోయినందుకు మరో 18,150. మొత్తం 38,58,700, పైన వడ్డీ. అదే 18 వేలు రుజువు కాక కోర్టు 12 వేలే అనుకుంటే, దాదాపు 12 లక్షలు పోతాయి. హాజరు పుస్తకం గురించి అంతగా చెప్పింది అందుకే.

యాంకర్: ఆమెకు డబ్బు అందేసరికి ఎంతకాలం పడుతుందండీ?

న్యాయవాది: పిటిషన్‌కు ఓపీ నంబరు, అంటే కోర్టు ఇచ్చే కేసు నంబరు పడ్డాక డ్రైవరుకు, యజమానికి, బీమా కంపెనీకి నోటీసులు వెళ్తాయి. కంపెనీ వాళ్లు వెంటనే వస్తారు. యజమాని దగ్గరే కేసు ఆగిపోతుంది. లారీ అమ్మేసి ఆర్సీ మార్చుకోనివాళ్లు, ఇల్లు మారినవాళ్లు... నోటీసు ‘ఇంట్లో లేరు’ అని తిరిగొస్తుంది, వాయిదా పడుతుంది. ఇలా ఆరు నెలలు పోయిన కేసులు కోకొల్లలు. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో రవాణా శాఖ రికార్డులో చూసి, ఆ తాజా చిరునామాకే పంపాలి. చట్టం దృష్టిలో యజమాని ఆయనే. రెండుసార్లు తిరిగొస్తే పేపరు ప్రకటనకు పిటిషన్ వేయమని మీ వకీలును అడగండి. ఆ తర్వాత కౌంటర్లు, అంటే వాళ్ల రాతపూర్వక జవాబులు, వివాదాంశాలు, మీ సాక్ష్యం, వాళ్ల సాక్ష్యం, వాదనలు. అన్నీ సవ్యంగా జరిగితే ఏడాదిన్నర, మామూలుగా రెండు మూడేళ్లు.

యాంకర్: తర్వాతి కాల్ తెనాలి నుంచి. చెప్పండి సార్.

కాలర్: మా నాన్నగారి కేసు రెండున్నరేళ్లుగా నడుస్తోందండీ. లోక్ అదాలత్‌లో 9 లక్షలిస్తాం, కేసు ముగించుకోండి అంటున్నారు బీమా వాళ్లు. నాన్నగారికి 58, కిరాణా కొట్టు. ఐటీ రిటర్నుల్లో నెలకు 15 వేలు చూపించారు. ఇంట్లో అమ్మ, చెల్లి, నేను.

న్యాయవాది: మీరు ఉద్యోగస్తులా?

కాలర్: అవునండీ.

న్యాయవాది: అయితే ఆధారపడ్డవాళ్లు ఇద్దరనే అనుకుందాం. ఆ వయసుకు 10 శాతం కలిపి, మూడో వంతు తీసి, 9తో హెచ్చిస్తే 11,88,000. మిగతావి కలిపితే 13 లక్షలు దాటుతుంది, వడ్డీ అదనం. వాళ్లు చెప్పే 9 లక్షల్లో వడ్డీ ఉందా లేదా అడగండి, మామూలుగా అంతా కలిపే చెబుతారు. రాజీలో కొంత తగ్గడం తప్పు కాదు బాబూ. లోక్ అదాలత్ ఇచ్చే ఉత్తర్వును అవార్డు అంటారు, దాని మీద అప్పీలు ఉండదు, డబ్బు నెలల్లో వస్తుంది. అదే మీకూ అడ్డం: సంతకం పెట్టాక ఎక్కువ అడగలేరు. రిటర్నులు ఉన్నాయి గనక మీ కేసు గట్టిది. నేనైతే 12 లక్షలకు తక్కువ ఒప్పుకోమని చెప్పను.

యాంకర్: అనంతపురం జిల్లా నుంచి ఒక కాల్.

కాలర్: సార్, మా అన్న కొడుకు జాతరకు ట్రాక్టరు ట్రాలీలో పోతా ఉంటే బోల్తా పడి చనిపోయినాడు. బీమా ఉంది గదా?

న్యాయవాది: బీమా ఉన్నా కంపెనీ ‘మా బాధ్యత కాదు’ అంటుంది. సేద్యం పనికి బీమా చేసిన బండిలో మనుషుల్ని ఎక్కించారు. యజమాని ఒక్కడి మీదే తీర్పు వస్తే వసూలు కష్టం. ముందు కంపెనీ చెల్లించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలని కొన్ని కేసుల్లో కోర్టులు ఆదేశించాయి. అది పిటిషన్‌లోనే అడగండి. వేరే బండి గుద్ది బోల్తా పడిందా?

కాలర్: వెనక నుంచి లారీ తగిలింది సార్.

న్యాయవాది: అయితే లారీ యజమానిని, లారీ బీమా కంపెనీని తప్పకుండా ప్రతివాదులుగా చేర్చండి. మీ కేసుకు ప్రాణం అక్కడుంది.

యాంకర్: చివరి కాల్, కరీంనగర్.

కాలర్: సార్, తీర్పొచ్చి ఆరు నెలలైంది. 22 లక్షలు ఇవ్వుమన్నరు. రూపాయి రాలే.

న్యాయవాది: కంపెనీ 30 రోజుల్లో డిపాజిట్ చేయాలి, అప్పీలుకు 90 రోజుల గడువుంది. హైకోర్టులో స్టే ఉందా లేదా ముందు మీ వకీలుతో చూపించుకోండి. స్టే లేకపోతే వెంటనే అమలు పిటిషన్, ఈపీ అంటారు, అది వేయండి. స్టే ఉంటే మామూలుగా కొంత సొమ్ము డిపాజిట్ చేయమనే షరతు ఉంటుంది. దాన్ని తీసుకోవడానికి కోర్టులో చెక్ పిటిషన్, అంటే ఆ సొమ్ము మీకు ఇప్పించమని దరఖాస్తు వేయాలి, దానంతటది రాదు. పిల్లలున్నారా?

కాలర్: ఒక బాబు సార్, ఏడేండ్లు.

న్యాయవాది: బాబు వాటా 18 ఏళ్లు నిండేదాకా బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది. దాని వడ్డీ తల్లి తీసుకునేలా ఉత్తర్వు అడగొచ్చు. చదువుకో వైద్యానికో అసలులోంచి కావాలంటే ఫీజు రసీదులతో పిటిషన్ వేయండి. వకీలు ఫీజు పరిహారంలో ఇంత శాతమని రాయించుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఖాళీ చెక్కుల మీద, విత్‌డ్రాయల్ ఫారాల మీద సంతకాలు పెట్టకండి. ఫీజు భారమైతే, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి. బాబు తల్లి పేరు మీదే దరఖాస్తు పెట్టించండి.