నాలుగు స్వరాల కంటే ముందు

శ్రోతలకు నమస్కారం.

పింక్ ఫ్లాయిడ్ బృందం 1975లో విడుదల చేసిన ‘విష్ యూ వర్ హియర్’ ఆల్బమ్ పేరెత్తితే చాలు, రాక్ సంగీతం వినేవాళ్లంతా నాలుగు స్వరాల గురించి చెబుతారు. డేవిడ్ గిల్మోర్ గిటార్ మీద పలికించిన స్వరాలవి. నాలుగూ మీటి, వాటి మానాన వాటిని మోగనిచ్చి ఊరుకుంటాడు. కాసేపాగి మళ్లీ అవే నాలుగు. మెచ్చుకోవలసిందే. కాకపోతే అవి వచ్చేసరికే పాట మొదలై దాదాపు నాలుగు నిమిషాలవుతుంది. ఆ నాలుగు నిమిషాలకూ ఆధారం కీబోర్డులు వాయించిన రిచర్డ్ రైట్. ఈ ఆల్బమ్ ఎప్పుడు విన్నా నా చెవి ఆయన దగ్గరే ఆగుతుంది.

ఈ ఆల్బమ్ ప్రోగ్రెసివ్ రాక్ కోవలోది. దాన్ని కొత్తగా వినేవారి కోసం ఒక్క ముక్క. మూడు నిమిషాల్లో ముగిసే పాటతో తృప్తి పడక, ఇరవై నిమిషాలైనా సరే విషయాన్ని సావకాశంగా విప్పిచెప్పే రాక్ సంగీతం అది. ఈ ఆల్బమ్‌లో ఉన్నవి ఐదే ట్రాకులు. మొదటిదీ చివరిదీ నిజానికి ఒకే రచన: ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’. తొమ్మిది భాగాల్లో ఐదు ముందు, నాలుగు చివర. మధ్యలో మిగతా మూడు పాటలు. తొలి ట్రాకులో గాయకుడి గొంతు వినబడేసరికి ఎనిమిది నిమిషాలు దాటిపోతాయి. అంతసేపూ విసుగు పుట్టకపోవడానికి సగం కారణం వెనక కమ్ముకుని ఉండే రైట్ సింథసైజరే, అంటే విద్యుత్తుతో నాదాలు పుట్టించే కీబోర్డే. దానితోపాటు మొదట్లోనే ఒక సన్నని గాజు నాదం వస్తుంది. తడి వేలితో వైన్ గ్లాసుల అంచుల మీద రాస్తే పుట్టిన శబ్దం అది. అంతకుముందు ఈ బృందం వాయిద్యాలేవీ లేకుండా, ఇంటి సామానుతోనే ఒక ఆల్బమ్ చేద్దామని మొదలుపెట్టి మధ్యలో వదిలేసింది. అందులోంచి మిగిలినదే ఇది.

ఈ పాట ఎవరి గురించో చాలామందికి తెలుసు. సిడ్ బారెట్ ఈ బృందాన్ని మొదలుపెట్టినవారిలో ఒకడు, తొలినాళ్లలో పాటలు రాసింది ఎక్కువగా అతనే. మానసిక స్థితి దెబ్బతిని 1968లో బృందానికి దూరమయ్యాడు. 1975 జూన్ 5న, లండన్‌లోని అబీ రోడ్ స్టూడియోలో ఈ ఆల్బమ్ పని నడుస్తుండగా, కబురైనా లేకుండా అతనే వచ్చాడు. లావయ్యాడు, తల గొరిగించుకున్నాడు, కనుబొమలు కూడా లేవు. పాత స్నేహితులు మొదట పోల్చుకోలేకపోయారు. ఈ ముచ్చట ఎన్నో చోట్ల చెప్పారు, నేను పొడిగించను. పాటలో వినబడే సంగతి చెబుతాను. తొమ్మిదో భాగం రైట్ ఒక్కడి రచన. నెమ్మదిగా, బరువుగా నడుస్తుంది. అది సన్నగిల్లిపోయేటప్పుడు కీబోర్డు మీద ఒక చిన్న వరస తొంగిచూస్తుంది. 1967లో బారెట్ రాసిన ‘సీ ఎమిలీ ప్లే’ పాటలోని ముక్క అది. ఈ పాటకు సాహిత్యం రాసిన బృంద సభ్యుడు రోజర్ వాటర్స్ అన్ని మాటల్లో చెప్పినదాన్ని రైట్ ఈ కాసిని స్వరాల్లో చెప్పేశాడని నాకనిపిస్తుంది.

మధ్య పాటల్లో రెండు సంగీత వ్యాపారం మీద కోపంతో పుట్టినవి. 1973 నాటి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ విపరీతంగా అమ్ముడుపోయాక వచ్చిన అలసట వీటిలో ఉంది. ‘వెల్‌కమ్ టు ది మెషీన్’లో సింథసైజర్ నిజంగానే యంత్రంలా రొద పెడుతుంది. ‘హావ్ ఎ సిగార్’లో వెటకారం పాళ్లు కాస్త ఎక్కువయ్యాయి. బృందం పేరు చూసి ‘మీలో పింక్ ఎవరు?’ అని అడిగే కంపెనీ పెద్దమనిషి మీద ఒకసారి నవ్వొస్తుంది, పదోసారి రాదు. దాన్ని పాడింది బృందంలోనివాడు కూడా కాదు, రాయ్ హార్పర్ అనే మరో గాయకుడు.

ఇక ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట. రేడియోలో మాట్లాడుతూ దీని మొదలు గురించి చెప్పకుండా ఎలా ఉంటాను! అంతకుముందు పాట నిండుగా మోగుతూ మోగుతూ ఉన్నట్టుండి చిన్న రేడియోలోంచి వస్తున్నట్టు చిక్కిపోతుంది. ఎవరో స్టేషన్ మారుస్తారు. గరగర, ఏవో మాటలు, రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీలోంచి ఒక తునక. తర్వాత ఒక గిటార్, అది కూడా రేడియోలోంచే వస్తున్నట్టు పల్చగా. కాసేపటికి రెండో గిటార్ అందుకుంటుంది. ఇది మాత్రం మన పక్కనే కూర్చుని వాయిస్తున్నంత స్పష్టంగా ఉంటుంది. ఆ రెండో మనిషి వాయించబోతూ దగ్గుతాడు, ఊపిరి తీసుకుంటాడు. రికార్డింగ్‌లో అవన్నీ ఉంచేశారు. ఒక మనిషి ఎక్కడో దూరంగా, ఇంకో మనిషి గదిలో ఒంటరిగా. పాటలో ఒక్క మాటైనా మొదలవకముందే విషయం అర్థమైపోతుంది.

ఫోన్‌లో వినేవాళ్లు షఫుల్ ఆపేసి, మొదటి నుంచి వరసగా వినండి. ఒక పాటను ఇంకోదానికి కలిపే గాలి హోరు, రేడియో గరగర కూడా రచనలో భాగాలే. ముక్కలుగా వింటే అవి తెగిపోతాయి. మొత్తం కలిపి 44 నిమిషాలే. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మరీ మంచిది, ఆ దగ్గు కూడా దొరుకుతుంది.