బైపీసీ చదివి సైన్యంలోకి: నర్సింగ్ అసిస్టెంట్ దారి

[తెర మీద: ఒక చెయ్యి, ఒక నల్ల పట్టీ. సంగీతం లేదు.]

ఈ పట్టీ చూడండి. బెల్టులా ఉంది, మధ్యలో చిన్న కడ్డీ. పేరు టూర్నికే. కాలికి తూటా తగిలి రక్తం చిమ్ముతుంటే, గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద పడకుండా దీన్ని చుట్టి కడ్డీని మెలిపెట్టాలి. రక్తం ఆగేదాకా మెలిపెడుతూనే ఉండాలి. అవతలివాడు నొప్పికి అరుస్తాడు, వదులు చెయ్యమని బతిమాలతాడు. చెయ్యకూడదు. ఎన్ని గంటలకు బిగించారో రాసిపెట్టాలి. తర్వాత చూసే డాక్టరుకు ఆ టైము చాలా అవసరం.

[తెర మీద: పట్టీ మీద పెన్నుతో టైము రాస్తున్న చెయ్యి]

ఈ పని చేస్తున్నది డాక్టరు కాదు. ఇంటర్ బైపీసీ చదివి సైన్యంలో చేరిన సిపాయి. అతని ట్రేడు పేరు నర్సింగ్ అసిస్టెంట్.

2001 నుంచి 2011 దాకా యుద్ధాల్లో పోయిన తమ సైనికుల మరణాలను అమెరికా సైనిక వైద్యులు ఒక్కొక్కటిగా పరిశీలించారు. బతికించే వీలుండి కూడా ఆస్పత్రికి చేరకముందే పోయినవాళ్ళలో నూటికి 90 మందికి పైగా రక్తం కారిపోయే పోయారు. పక్కన సర్జన్ లేకపోయినా ఫర్వాలేదు, ఈ పట్టీ కట్టడం తెలిసినవాడు ఉండాలి.

పేరులో నర్సింగ్ ఉంది కదా, ఆస్పత్రిలో తెల్లకోటు ఉద్యోగం అనుకుంటారు చాలామంది. కాదండీ. ముందు అతను సైనికుడు. రైఫిల్ పట్టడం నేర్పిస్తారు. తనను, తన పేషెంట్లను కాపాడుకోవడానికి చిన్న ఆయుధాలు ఉంచుకోవచ్చని 1949 జెనీవా ఒప్పందమే ఒప్పుకుంది.

[తెర మీద: పాత ఆవిరి రైలింజను బొమ్మ]

కొరియా యుద్ధం కథ ఒకటి చెబుతాను. 1950 చివర్లో ఐక్యరాజ్యసమితి సేనలకు వైద్యసాయంగా వెళ్ళిన మన 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ దళం ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్‌లో ఉంది. నాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ ఏ.జి. రంగరాజ్. చైనా సేన మీదికొస్తోంది, వెనక్కి వచ్చెయ్యమన్నారు. మందులు, సామాను మోయడానికి బండ్లు లేవు. స్టేషన్‌లో ఒక పాత రైలింజను కనబడింది. వీళ్ళే కట్టెలు తెచ్చారు, వీళ్ళే చేతులు మార్చుకుంటూ బకెట్లతో బాయిలర్ నింపారు, వీళ్ళే నడిపారు. నది దాటిన కాసేపటికే వెనక వంతెన పేల్చేశారు. వైద్య దళం చేసిన పని ఇది. రంగరాజ్‌కు తర్వాత మహావీర చక్ర వచ్చింది.

సరే, ఇందులోకి ఎలా వెళ్ళాలి?

ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండాలి. మొత్తం మీద 50 శాతం, ప్రతి సబ్జెక్టులో కనీసం 40. వయసు పదిహేడున్నర నుంచి 23 ఏళ్ళ లోపు. ఇప్పటిదాకా వచ్చిన నోటిఫికేషన్లలో ఇది నాలుగేళ్ళ అగ్నివీర్ పోస్టు కాదు, మామూలు రెగ్యులర్ సిపాయి పోస్టు. నాలుగేళ్ళకే ఇంటికి పంపిస్తారేమో అని ఇంట్లోవాళ్ళు టెన్షన్ పడుతుంటే ముందు ఈ ముక్క చెప్పండి. మొదట ఆన్‌లైన్ పరీక్ష, అందులో పాసైతే ర్యాలీ, అంటే గ్రౌండ్‌లో పరుగు, దేహ పరీక్షలు. తెలంగాణ వాళ్ళకు సికింద్రాబాద్, ఆంధ్రా వాళ్ళకు గుంటూరు, విశాఖ రిక్రూటింగ్ ఆఫీసులున్నాయి.

మన బైపీసీ పిల్లలు జారిపోయేది పరీక్షలో కాదు, గ్రౌండ్‌లో. రెండేళ్ళు హాస్టల్లో కదలకుండా చదివి, ర్యాలీకి వారం ముందు బూట్లు కొంటే 1.6 కిలోమీటర్ల పరుగు ఎలా అవుతుంది? ఫస్టియర్ నుంచే పొద్దున్న లేచి పరుగెత్తండి.

[తెర మీద: లక్నో, ఆర్మీ మెడికల్ కోర్ సెంటర్]

సెలెక్టయితే లక్నో. 1943లో పుట్టిన ఆర్మీ మెడికల్ కోర్‌కు, అంటే సైన్యపు వైద్య విభాగానికి, శిక్షణ కేంద్రం అదే. మొదట కవాతు, ఆయుధాలు, ఆ తర్వాతే వైద్యం: ఇంజెక్షన్, సెలైన్, కట్లు, విరిగిన ఎముకకు బద్దలు కట్టడం, స్ట్రెచర్ మోయడం. స్ట్రెచర్‌ను చిన్నచూపు చూడకండి. ఎనభై కిలోల మనిషిని రాళ్ళదారిలో, చీకట్లో, కుదుపు లేకుండా దించడం ఒక విద్య.

తర్వాత పోస్టింగ్ రెండు రకాలు. ఒకటి పెద్ద మిలటరీ ఆస్పత్రి వార్డు. రెండోది పటాలంతో పాటు రెజిమెంటల్ ఎయిడ్ పోస్ట్. అక్కడ ఉండేది ఒక డాక్టరు, కొద్దిమంది సహాయకులు, పరిమితమైన మందులు. అక్కడి నుంచి గాయపడినవాణ్ణి వెనక ఉన్న డ్రెస్సింగ్ స్టేషన్‌కు, ఫీల్డ్ హాస్పిటల్‌కు పంపిస్తారు. పని నిజంగా చేతికి వచ్చేది ఈ రెండో చోటే అని నా నమ్మకం.

కోర్‌లో ఆపరేషన్ థియేటర్, ల్యాబ్, ఎక్స్‌రే, రక్తనిధి లాంటి ట్రేడులు కూడా ఉన్నాయి. ర్యాంకులు అందరికీ ఉన్నట్టే: నాయక్, హవల్దార్, సుబేదార్. ఆఫీసరు కావాలనుకునేవాళ్ళకు డెహ్రాడూన్ ఆర్మీ క్యాడెట్ కాలేజీ దారి ఉంది. కోర్‌లోనే నాన్ టెక్నికల్ ఆఫీసరుగా కమిషన్ పొందే వీలూ ఉంది.

ఈ సిపాయి పోస్టులు మగపిల్లలకే. అమ్మాయిలకు మిలటరీ నర్సింగ్ సర్వీస్ ఉంది. నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్, 220 సీట్లు, నీట్ స్కోరు కావాలి. చదువు అయ్యాక నేరుగా లెఫ్టినెంట్! డాక్టరే కావాలనుకుంటే పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీ, దానికీ నీటే. నేవీ, ఎయిర్‌ఫోర్స్ కూడా బైపీసీ వాళ్ళను మెడికల్ అసిస్టెంట్లుగా తీసుకుంటాయి, ఆ నోటిఫికేషన్లు వేరు.

[తెర మీద: రిటైర్డ్ సైనికుడి ట్రంకుపెట్టె]

ఎవరూ ముందు చెప్పని సంగతి రిటైర్మెంట్. పదిహేనేళ్ళ సర్వీసుకు పెన్షన్ వస్తుంది, అప్పటికి వయసు నలభై కూడా దాటదు. చేతికి పని వచ్చు. కానీ బయట స్టాఫ్ నర్సు పోస్టు అడిగితే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చూపించమంటారు. మీ చేతిలో ఉన్న సర్టిఫికెట్ అక్కడ చెల్లుతుందా అని సర్వీసులో ఉండగానే కనుక్కోండి. చెల్లకపోతే ఏ కోర్సు చెయ్యాలో అప్పుడే చూసుకోండి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లలో కాంట్రాక్టు ఉద్యోగాలు ఉంటాయి, మీలాంటివాళ్ళకు అక్కడ ప్రాధాన్యం ఇస్తారు.

నోటిఫికేషన్ జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్‌లో వస్తుంది. తారీఖులు, మార్కులు అక్కడే చూసుకోండి. లక్షలిస్తే పోస్టు ఖాయం అని ఎవరైనా ఫోన్ చేస్తే, వెంటనే పెట్టెయ్యండి.