బోటు ఇచ్చేవాళ్లున్నరు, నడిపే ఖర్చెవరిది? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. వరంగల్ స్టూడియో నుంచి మాట్లాడుతున్నం. జీతం లేకుండా నీళ్లల్ల ప్రాణాలు కాపాడే బృందాలకు పైసలు ఎక్కడినుంచి రావాలె? ఇయ్యాల్టి విషయం ఇదే. సేవా సంఘాల లెక్కలు చూసే ఆడిటర్, బోటు రక్షణ నేర్పే శిక్షకుడు మనతో ఉన్నరు. మొదటి కాల్ మంగపేట నుంచి.

శ్రోత: నమస్తే సార్. పోయిన వానకాలం ఒక దాత మా యువకుల సంఘానికి రబ్బరు బోటు, 25 హెచ్‌పీ ఇంజిను ఇప్పించిండు. ఈసారి గోదావరి పెరిగినంక తీస్తే ఇంజిను స్టార్టే కాలే. బాగు చేయిద్దామంటే సంఘం దగ్గర పైసల్లెవ్వు.

శిక్షకుడు: పెట్రోల్ ట్యాంకుల అట్లనే ఉంచిన్రా తమ్మీ?

శ్రోత: అవు సార్, సగం దాకుండె.

శిక్షకుడు: అయితే ముందు చూడాల్సింది కార్బ్యురేటరే. ఇప్పటి పెట్రోల్‌ల ఇథనాల్ ఉంటది, అది గాలిలోని తేమను గుంజుకుంటది. నెలల తరబడి నిలవుంటే జిగురు కట్టి జెట్లు, అంటే పెట్రోల్ పోయే సన్నటి రంధ్రాలు, మూసుకపోతయి. కార్బ్యురేటర్ విప్పి కడిగించు, ప్లగ్గులు మార్పించు, కొత్త పెట్రోల్ పోయి. ఇకమీద బోటు దించిన ప్రతిసారీ ఇంజిను కింది భాగం మంచినీళ్ల డ్రమ్ముల ముంచి నడిపించు, బురద కడుక్కపోతది. తర్వాత పెట్రోల్ పైపు ఊడదీసి, దానంతటదే ఆగేదాక ఉండు. కార్బ్యురేటర్ ఖాళీ అయితది. ఇంకోటి, ఇంజిను నడుస్తుంటే పక్కనుంచి దాన్ని చల్లబరిచే నీళ్లు సన్నటి ధారగ వస్తయి. ధార ఆగితే వెంటనే బంద్ చెయ్యాలె. వరదనీళ్ల ఇసుకకు ఇంపెల్లర్, అంటే నీళ్లు ఎక్కించే చక్రం, దాని రబ్బరు రెక్కలు అరుగుతయి, నీళ్లు ఎక్కక ఇంజిను వేడెక్కి పట్టేస్తది.

ఆడిటర్: ఇదంతా ఖర్చుతోటి పని. బోటు తీసుకునే నాడే దాతను అడగాల్సిన మాట ఒకటుంది: ఐదేండ్లు నడిపే ఖర్చుల మీ వాటా ఎంత? కాగితం మీద లెక్క వేసి చూపించాలె. నెలకు రెండు గంటల సాధన, సగటున గంటకు ఆరు లీటర్ల పైన అనుకుంటే ఏడాదికి 150 లీటర్లు. లీటరు 110 లెక్కన 16,500 రూపాయలు.

శిక్షకుడు: టూ-స్ట్రోక్ ఇంజినుకు యాభై పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్ అయితే ఇంకో 3 లీటర్ల ఆయిల్. మీ ఇంజిను పుస్తకంల ఏం రాసుంటే అదే పట్టుకోవాలె. వరదల ఫుల్ థ్రాటిల్ పెడితే గంటకు 10, 12 లీటర్లు తాగుతది, దానికి వేరే నిల్వ పెట్టుకోవాలె.

ఆడిటర్: సర్వీసింగు, లైఫ్ జాకెట్లు, తాళ్లు, బీమా వీటి మీద వస్తయి. అందరూ మరిచిపోయేది అరుగుదల. రబ్బరు బోటు మన ఎండకు పదేండ్లు ఆగుడు కష్టమే. అందుకే బోటు, ఇంజిను కలిపి 5 లక్షలైందనుకుంటే, ఏటా కనీసం 50 వేలు వేరే ఖాతాల వెయ్యాలె. పైసా కదిలించొద్దు. ఈ ఖాతా లేని సంఘానికి రెండో బోటు మళ్లీ దాత దొరికితేనే.

వ్యాఖ్యాత: హన్మకొండ నుంచి కాల్.

శ్రోత: సార్, ప్రాణాలు కాపాడుడు సర్కారు బాధ్యత కదా? చందాలు ఎందుకెత్తాలె? బయటి దేశాలల్ల సముద్రంల ఎట్ల చేస్తరు?

ఆడిటర్: బ్రిటన్‌ల సముద్రంల ప్రాణాలు కాపాడే లైఫ్‌బోట్ల సేవా సంస్థ ఆర్‌ఎన్‌ఎల్‌ఐ 1824 నుంచి ఉంది. 1854 నుంచి 1869 దాక సర్కారు సాయం తీసుకుంది. సర్కారు ఇస్తుంది కదా అని జనం చందాలు తగ్గినయి, కాగితాల పని పెరిగింది. వద్దనుకుని వదిలేసిన్రు. 1886ల ఒక ఓడను కాపాడబోయి 27 మంది లైఫ్‌బోటు మనుషులు చనిపోయిన్రు. ఆ కుటుంబాల కోసం కదిలిన జనమే 1891ల మాంచెస్టర్ వీధులల్ల చందా ఎత్తిన్రు. ఇప్పుడు ఆ సంస్థ ఆదాయంల పెద్ద భాగం చనిపోయినవాళ్లు వీలునామాల రాసిపోయిన సొమ్మే. బీచ్‌లల్ల లైఫ్‌గార్డులకు మాత్రం స్థానిక సంస్థలు కొంత ఇస్తయి. జర్మనీల 1865ల మొదలైన సముద్ర రక్షణ సంస్థ బోట్లు కూడా చందాలతోనే నడుస్తయి. 1875 నుంచి దుకాణాలల్ల చిన్న పడవ ఆకారపు హుండీలు పెడుతున్నరు. ఫ్రాన్స్‌ల మాత్రం చందాలకు సర్కారు సొమ్ము గూడ తోడయితది.

శ్రోత: మరి మనకేది మంచిది?

ఆడిటర్: మన దగ్గర సముద్రంల కోస్ట్ గార్డ్ ఉంది, అది సర్కారుదే. గోదావరి ఒడ్డు ఊర్లకు కలిపి నడిపే పద్ధతి కావాలె. బీమా, శిక్షణ, వరదనాటి ఇంధనం సర్కారు మీద. సాధన, మరమ్మతు, అరుగుదల ఖాతా ఊరి మీద. మొత్తం సర్కారుకే వదిలితే బిల్లు పాసైతేనే బోటు కదుల్తది. మొత్తం దాతల మీద పెడితే వరద టీవీల కనపడ్డ ఏడే పైసలొస్తయి. 2023 జులైల మోరంచపల్లి మునిగినప్పుడు రాష్ట్రమంతా చూసింది. వాన లేని ఏడు ఎవరూ అడగరు, ఇంజిను పాడయ్యేది ఆ ఏడే.

శిక్షకుడు: ఊరి వాటాకు నాదొక సలహా. గణేశ్ నిమజ్జనం నాడు చెరువుగట్టు మీద నిలబడేది ఈ బృందాలే, గజ ఈతగాళ్లే. ప్రతి మండపం ఖర్చుల పట్టీల ‘రక్షణ బృందం’ అని ఒక వరుస పెట్టి రసీదు తీసుకోవాలె.

వ్యాఖ్యాత: మంచిర్యాల నుంచి ఒక అక్క లైన్‌ల ఉన్నరు.

శ్రోత: మా ఆయన చేపలు పడ్తడు. ఎవరన్న మునిగిన్రంటే పోలీసోళ్లు ఈయననే పిలుస్తరు. అట్ల వెళ్లిన రోజు కూలి పోతది. ఏమన్న అయితే మాకెవరు దిక్కు సార్?

శిక్షకుడు: మీరడిగింది న్యాయమైన మాట అక్కా. ఆయన ఉత్తగనే రావాలనుకునుడు తప్పు. పిలిచిన ప్రతిసారీ ఒక రోజు కూలి సంఘం నిధి నుంచి ఇయ్యాలె, శవం దొరికినా దొరకకున్నా. దొరికితేనే పైసలంటే మనిషి తెగించి సుడిలకు దిగుతడు.

ఆడిటర్: బీమా సంగతి. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. 18 నుంచి 70 ఏండ్ల దాక, ప్రమాదంల చనిపోతే 2 లక్షలు. జూన్ 1న కొత్త ఏడు మొదలైతది కాబట్టి మే నెలాఖరుకు ఖాతాల పైసలుండాలె. అది చాలదు. సంఘం పేర గ్రూపు ప్రమాద బీమా తీసుకోండ్రి. నీటి రక్షణ పని వర్తిస్తదని కంపెనీతోటి రాయించుకోవాలె. ప్రమాదకరమైన పని అని క్లెయిమ్ ఆపే షరతు లోపల ఉండొచ్చు.

వ్యాఖ్యాత: భూపాలపల్లి కాలర్‌ది చిన్న ప్రశ్న: బొగ్గు కంపెనీలు, కరెంటు ప్లాంట్లు సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు సమాజ సేవకు పెట్టే సొమ్ము, ఇస్తయా?

ఆడిటర్: అడగొచ్చు. విపత్తు నిర్వహణ సీఎస్‌ఆర్ జాబితాల ఉంది. ముందు ఏడుగురితో సంఘం రిజిస్టర్ చెయ్యాలె, ఆదాయపు పన్ను శాఖ నుంచి 12ఏ, 80జీ గుర్తింపులు, సీఎస్‌ఆర్ నంబరు ఉండాలె, మూడేండ్ల పని చూపించాలె. అంత చరిత్ర లేకపోతే పాత సంస్థతో కలిసి పోండ్రి. దరఖాస్తుల బోటు ఒక్కటే అడగకుండ్రి, మూడేండ్ల నిర్వహణ అందుల్నే కలపాలె. బోటు మీద కంపెనీ పేరు రాసుకోనియ్యండ్రి. ఎప్పుడు దించాలె, ఎవర్ని ముందు ఎక్కించాలె అన్నది మాత్రం బృందం నాయకుడిదే. ఒప్పందంల ఆ మాట రాయాలె.

వ్యాఖ్యాత: గోదావరిఖని నుంచి: కాపాడినోళ్ల దగ్గర ఫీజు తీసుకుంటే?

శిక్షకుడు: వద్దు. ఫీజుందని తెలిస్తే ఇంకొంచెం సేపు చూద్దామని ఆగి, చీకటి పడ్డంక ఫోన్ చేస్తరు. ఇసుక ట్రాక్టరును గుంజమంటే తీసుకోండ్రి, మనిషికి మాత్రం వద్దు.

వ్యాఖ్యాత: చివరి కాల్, ఏటూరునాగారం.

శ్రోత: వరదల తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫోనొస్తే రెండు రోజులు బోటు నడిపినం. పెట్రోల్ పైసలు ఇంకా రాలే.

ఆడిటర్: నోటిఫై చేసిన విపత్తుల ప్రాణాలు కాపాడేటందుకు బోటు కిరాయి, అవసరమైన పరికరాలకు అయిన అసలు ఖర్చు రాష్ట్ర విపత్తు నిధి నుంచి ఇయ్యొచ్చని నిబంధనల ఉంది. ఫోన్ మాట మీద ఫైలు కదలదు. ఇకముందు బోటు దించండ్రి, ఆలస్యం చేయొద్దు. అదే గంటల ‘మీ ఆదేశం ప్రకారం బయల్దేరినం’ అని వాట్సాప్ పెట్టి, మరునాడు రాతపూర్వక ఉత్తర్వు తీసుకోండ్రి. లాగ్ బుక్కుల దించిన టైము, ఒడ్డుకొచ్చిన టైము, పోసిన లీటర్లు, ఎక్కించిన మనుషుల సంఖ్య రాసి, అక్కడున్న పంచాయతీ కార్యదర్శితోటి అదే రోజు సంతకం పెట్టించాలె. బంకుల బిల్లు సంఘం పేరు మీదనే ఉండాలె. ఈసారిదానికి ఇప్పుడైనా బిల్లులు, ఫోన్ కాల్ వివరాలు కలిపి దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ఆఫీసు ముద్ర ఏయించుకోండ్రి.